11 ఏళ్ల తరువాత మే నెలలో హనుమకొండకు తిరిగి రావడం: మొదటి 14 రోజుల సంగతి

మీ ప్రశ్నను ఒకసారి క్లుప్తంగా చెప్పుకుందాం. గ్లాస్గోలో 11 ఏళ్లుగా ఉన్న మీరు, మీ భార్య, అక్కడే పుట్టిన ఆరేళ్ల పాప, ఇన్సులిన్ వాడే 68 ఏళ్ల మీ అమ్మగారు మే 12న హనుమకొండకు శాశ్వతంగా తిరిగి వస్తున్నారు. నాలుగేళ్లుగా తాళం వేసి ఉన్న సొంత ఇంట్లోనే దిగుతారు. 15న మీ మరదలి పెళ్లి. "మేం పుట్టి పెరిగిన ఊరే కాబట్టి మాకు ఎండ కొత్త కాదు, పాప కోసం మాత్రం ఏం జాగ్రత్తలు తీసుకోవాలి" అని అడిగారు.

జాగ్రత్త పాపకు ఒక్కదానికే కాదు, నలుగురికీ కావాలి. మొదటి 14 రోజులు మిమ్మల్ని మీరు ఈ ఊరికి కొత్తగా వచ్చిన పరాయివాళ్లుగానే లెక్కవేసుకోండి. ఊరు మీ మనసుకు గుర్తుంటుంది గాని చెమట గ్రంథులకు గుర్తుండదు. వేడికి అలవాటు పడిన శరీరం చల్లని దేశానికి వెళ్లిన మూడు నాలుగు వారాల్లోనే ఆ అలవాటును చాలావరకు వదిలేస్తుంది. మీరు వెళ్లి 11 ఏళ్లయింది. తేదీ మార్చుకునే వీలుంటే నవంబరు, డిసెంబరు నెలల్లో రమ్మని చెప్పేవాడిని. పెళ్లి ఉంది కనుక అది కుదరదు, కాబట్టి రండి, కాని పెళ్లి పనులు నెత్తిన వేసుకోకండి, ఇల్లు మీ చేతులతో కడగకండి, అమ్మగారి మందుల సంగతి వచ్చాక చూద్దామని వదిలేయకండి.

నేను హనుమకొండలో జనరల్ ఫిజీషియన్‌గా 22 ఏళ్లుగా ప్రాక్టీసు చేస్తున్నాను. అంతకు ముందు ఆరేళ్లు ఇంగ్లండులో పనిచేసి, 2003 మే నెలలో, అంటే నాటి ఆంధ్రప్రదేశ్‌లో వెయ్యిమందికి పైగా వడదెబ్బకు చనిపోయిన ఆ ఎండాకాలంలోనే, తిరిగి వచ్చాను. వచ్చిన నాలుగో రోజున పరకాల దగ్గర ఒక పల్లెలో మా పెద్దనాన్న మనవడి పెళ్లికి వెళ్లి, ఇంట్లో మనిషిని గదా అని షామియానా కింద మధ్యాహ్నం రెండింటి దాకా వడ్డనకు నిలబడ్డాను. దాహమైనప్పుడల్లా నీళ్లు తాగుతూనే ఉన్నాను, మూడు సీసాలు ఖాళీ చేశాను. మొదట పిక్కలు పట్టేశాయి, తరువాత కడుపులో తిప్పింది, ఆపైన కళ్లు తిరిగి వేపచెట్టు కింద కూలబడ్డాను. ఒక పెద్దాయన నా చొక్కా విప్పి, తడి తువ్వాల ఒంటి మీద కప్పి, ఉప్పు వేసిన పల్చని సల్ల (మజ్జిగ) చెంబుతో తాగించాడు. "డాక్టర్ సాబ్‌కే ఎండదెబ్బ తగిలింది" అని ఆ పెళ్లిలో చాలాసేపు చెప్పుకున్నారు. ఆయన చేసిన వైద్యంలో తప్పేమీ లేదు. నేను చేసిన తప్పు ఉప్పులేని నీళ్లు మాత్రమే తాగడం.

అది ఎందుకు తప్పో తెలిస్తే మిగతా జాగ్రత్తలు వాటంతట అవే అర్థమవుతాయి. వేడికి అలవాటు లేని మనిషికి చెమట ఆలస్యంగా మొదలవుతుంది, ఎంత ఎండలో ఉన్నా గంటకు ఒక లీటరు దాటి పట్టదు, పట్టిన చెమట బాగా ఉప్పగా ఉంటుంది. అలాంటివాడు చెమటోడ్చిన రోజున 15 నుంచి 30 గ్రాముల వరకు ఉప్పు పోగొట్టుకోవచ్చు. వేడిలో కొన్ని రోజులు గడిచేసరికి రక్తంలోని నీటి భాగం పెరిగి గుండె మీద భారం తగ్గుతుంది, చెమట త్వరగా, ధారాళంగా పడుతుంది, అడ్రినల్ గ్రంథి నుంచి వచ్చే ఆల్డోస్టిరోన్ అనే హార్మోను చెమటలోని ఉప్పును వెనక్కి లాగుతుంది. నాలుగు నుంచి ఆరు వారాలు గడిచాక అదే మనిషి రోజుకు 3 నుంచి 5 గ్రాముల ఉప్పు మాత్రమే పోగొట్టుకుంటాడు. ఈ మార్పులో ఎక్కువ భాగం మొదటి 7 నుంచి 14 రోజుల్లో జరిగిపోతుంది కాబట్టే ఆ 14 రోజుల గడువు గురించి పట్టుబడుతున్నాను. పిల్లల్లో ఇది పెద్దల కంటే కొంత నెమ్మదిగా జరుగుతుంది.

అయితే ఇక్కడ ఒక మెలిక ఉంది. పద్నాలుగు రోజులూ ఏసీ గదిలో తలుపులు వేసుకుని కూర్చుంటే శరీరం ఏమీ నేర్చుకోదు, పదిహేనో రోజున కూడా మొదటి రోజు మనిషే బయటికి వస్తాడు. గల్ఫ్ నుంచి వచ్చేవారిలో ఇది తరచుగా చూస్తుంటాను. కోరుట్ల వైపు నుంచి వచ్చిన ఒకాయన దుబాయిలో 12 ఏళ్లు ఉన్నానని, అక్కడి ఎండ ముందు ఇక్కడి ఎండ లెక్కే కాదని చెప్పుకునేవారు. ఆయన అక్కడ చేసింది ఏసీ కారు నడిపే పని, పడుకున్నది ఏసీ గదిలో. ఊరికొచ్చిన మొదటి వారంలోనే సొంత పొలంలో బోరు దగ్గర పడిపోయి నా దగ్గరికి వచ్చారు. అదే ఎండలో సెంట్రింగు పని చేసి తిరిగి వచ్చిన వాళ్ల తమ్ముడికి ఏమీ కాలేదు. దేశం పేరు కాదు, చర్మానికి తగిలిన వేడి ఎంత అన్నదే లెక్క.

కాబట్టి వచ్చిన రెండో రోజు నుంచి ఉదయం ఆరున్నరకు అరగంట నడవండి, మూడు రోజులకొకసారి ఆ సమయాన్ని పది పదిహేను నిమిషాలు పెంచుతూ పోండి. సాయంత్రం ఏసీ లేని చోట, వరండాలోనో డాబా మీదనో, గంటసేపు కూర్చోండి. ఏసీ 20 డిగ్రీల దగ్గర కాకుండా 26, 27 దగ్గర పెట్టి ఫ్యాను వేసుకోండి. పదకొండు నుంచి నాలుగున్నర వరకు బయటికి వెళ్లకపోవడం ఇక్కడివాళ్లకు కూడా మంచిదే, మీకు మాత్రం తప్పనిసరి. మీరు వచ్చేది ఇంకా రోహిణి కార్తె మొదలుకాని రోజుల్లో. ఆ కార్తె మే 25 ప్రాంతంలో వస్తుంది, అప్పటికి మీకు దాదాపు రెండు వారాలు నిండుతాయి. అదొక్కటే మీ తేదీలలో నాకు నచ్చిన సంగతి.

ఫ్యాను గురించి ఒక మాట. గదిలో వేడి 40 డిగ్రీలు దాటితే ఫ్యాను ఒంటిని చల్లబరచదు, వేడిగాలిని తెచ్చి కొడుతుంది. ఒళ్లు తడిగా ఉంటేనే ఆ గాలి వల్ల ఉపయోగం. కరెంటు పోయి వచ్చిన మధ్యాహ్నాల్లో పాపకు తడిపి పిండిన కాటన్ బనియను వేసి ఫ్యాను కింద కూర్చోబెట్టండి. మే నెల పొడి ఎండకు కూలర్ బాగా పనిచేస్తుంది. మృగశిర కార్తె వచ్చి ఉక్క మొదలయ్యాక మాత్రం అదే కూలర్ గదిని తడి గుహలా మారుస్తుంది, అప్పుడు కిటికీలు తెరిచి పెట్టుకోవడమే మేలు.

తాగడం విషయంలో దాహం కంటే మూత్రం రంగే మంచి కొలత. మధ్యాహ్నం రెండు దాటినా పాప మూత్రానికి వెళ్లలేదంటే, లేదా వెళ్లినప్పుడు ముదురు పసుపు రంగులో ఉందంటే, ఆమె ఆడుకుంటున్నా సరే తాగింది చాలలేదని అర్థం. ఉప్పు వేసిన పల్చటి మజ్జిగ, రాగి అంబలి, ఉప్పూ నిమ్మకాయా కలిపిన నీళ్లు, ఓఆర్‌ఎస్, ఇవన్నీ పనికొస్తాయి. ఇంట్లో ప్యాకెట్టు లేకపోతే ఒక లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలపండి. టీ చెంచాను కుప్పగా కాక సరిగ్గా గీటుపెట్టి కొలవాలి. ఉప్పు ఎక్కువైతే పిల్లలకు ప్రమాదం. మెడికల్ షాపులో ఓఆర్‌ఎస్ అని అడిగితే కొన్నిసార్లు పండ్లరసం రుచిగల తీపి పానీయాల డబ్బాలు చేతిలో పెడతారు. పొడి ప్యాకెట్టు మీద లీటరుకు సోడియం క్లోరైడ్ 2.6 గ్రాములు, గ్లూకోజ్ 13.5 గ్రాములు అని ఉందో లేదో చూసి తీసుకోండి. ఎండకు వెళ్లేటప్పుడు జేబులో ఉల్లిగడ్డ పెట్టుకొమ్మని పెద్దవాళ్లు చెప్తారు, పెట్టుకుంటే నష్టం లేదు గాని ఆ ఉల్లిగడ్డను తరిగి మజ్జిగలో వేసుకుంటే కొంత లాభం కూడా ఉంటుంది.

వడదెబ్బ వేరు, ఎండకు అలసిపోవడం వేరు. అలసిన మనిషికి చెమటలు పడతాయి, తల తిరుగుతుంది, వాంతి వస్తుంది, కాని మాట తెలివిగానే ఉంటుంది. మాట తడబడినా, పొంతన లేకుండా మాట్లాడినా, మగతగా పడి ఉన్నా, ఒళ్లు 40 డిగ్రీలు దాటి కాలిపోతున్నా అది వడదెబ్బ. చెమట పడుతోంది కాబట్టి వడదెబ్బ కాదనుకోవద్దు, చెమట పడుతూనే వడదెబ్బ తగలవచ్చు. అప్పుడు 108కు ఫోను చేసి, బండి వచ్చేదాకా ఊరుకోకుండా బట్టలు వదులు చేసి, ఒంటినిండా నీళ్లు పోస్తూ గాలి విసరండి, చంకల్లోనూ గజ్జల్లోనూ మంచుగడ్డలు గుడ్డలో చుట్టి పెట్టండి. స్పృహ సరిగా లేని మనిషి నోట్లో నీళ్లు పోయకండి. జ్వరం మాత్ర ఈ వేడిని తగ్గించదు.

ఇక ఇల్లు. నాలుగేళ్లు మూసి ఉన్న ఇంటి తాళం మీరు వచ్చిన రోజునే తీయడం నాకు ఇష్టం లేదు. వారం ముందే బంధువు ఎవరికైనా తాళంచెవి ఇచ్చి తలుపులు తెరిపించండి. మూసిన ఇంట్లో తేళ్లు, పాములు దూరి ఉండవచ్చు కనుక మూలల్లో చెయ్యి పెట్టే ముందు టార్చిలైటు, కర్ర వాడమని చెప్పండి. బాత్రూం జాలీల కింద నీళ్లు ఆరిపోయి మురికివాసన, బొద్దింకలు పైకి వస్తాయి, ఒక బకెట్టు నీళ్లు పోస్తే ఆ బాధ తీరుతుంది. ఎలక్ట్రీషియనును పిలిపించి ఎర్తింగు చూపించకుండా పాత కూలర్‌ను ప్లగ్గులో పెట్టవద్దు, ఎందుకంటే తడి చేత్తో కూలర్ తాకి షాకు కొట్టిన కేసులు ప్రతి వేసవిలోనూ వింటూనే ఉంటాం.

అసలు శత్రువు పాత కూలర్ తొట్టి, మూలన పడి ఉన్న టైరు, ఎండిపోయిన పూలకుండీ. డెంగీని మోసే ఏడిస్ దోమ నీటి అంచుకు కాస్త పైన, తొట్టి గోడకు గుడ్లు అతికిస్తుంది. నల్లని ఆవగింజ కంటే చిన్నగా, మసి అంటినట్టు కనిపిస్తాయి. నీళ్లు పారబోస్తే అవి పోవు, ఎండిపోయినా నెలల తరబడి బతికే ఉంటాయి. జూన్ రెండో వారంలో మొదటి వాన పడి ఆ అంచు తడిసిందంటే వారం పది రోజుల్లో దోమలు లేస్తాయి. అందుకే తొట్టి గోడలను గట్టి బ్రష్షుతో రుద్ది కడిగించండి, కూలర్ పాతగడ్డి మార్పించండి. సంపునూ పైన ట్యాంకునూ ఒండ్రు తీసి కడిగించాక, నింపిన నీటికి వెయ్యి లీటర్లకు 2.5 గ్రాముల చొప్పున మంచి బ్లీచింగ్ పౌడర్‌ను బకెట్టు నీళ్లలో కలిపి, తేరిన నీటిని పోసి, గంటసేపు ఆగి వాడుకోండి. ఆ దోమ పగటిపూట కుడుతుంది కనుక రాత్రి దోమతెర ఒక్కటే చాలదు, పాపకు పొడుగు చేతుల పల్చని బట్టలు వేయండి.

వానాకాలంలో ఇంట్లో ఎవరికైనా జ్వరం వస్తే పారాసిటమాల్ తప్ప ఐబుప్రోఫెన్, ఆస్పిరిన్ ఇవ్వకండి. స్కాట్లండులో పిల్లల జ్వరానికి ఐబుప్రోఫెన్ సిరప్ ఇవ్వడం మీకు అలవాటై ఉంటుంది కనుక ఈ మాట ప్రత్యేకంగా చెప్తున్నాను, ఆ సీసాను సామానులో పెట్టుకోవద్దు. డెంగీ అవునో కాదో తేల్చడానికి మొదటి అయిదు రోజుల్లో ఎన్‌ఎస్1 అనే రక్తపరీక్ష, ఆ తరువాత ఐజీఎం అనే రక్తపరీక్ష పనికొస్తాయి. డెంగీలో అపాయం తరచుగా జ్వరం తగ్గే రోజున మొదలవుతుంది కాబట్టి జ్వరం తగ్గిందని సంబరపడి ఆ రోజే బడికి పంపకండి; కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం, చేతులు కాళ్లు చల్లబడటం చూస్తే వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లాలి. చిన్నప్పుడు ఇక్కడ మీకు తెలియకుండా ఒక రకం డెంగీ వచ్చిపోయి ఉండవచ్చు. నాలుగు రకాలున్న ఈ వైరస్‌లో రెండోసారి వేరే రకం వస్తే జబ్బు ముదిరే అవకాశం ఎక్కువ, కాబట్టి పాపతో పాటు మీకూ ఆ భయం ఉంది.

పాపకు అక్కడే బయలుదేరే ముందు టైఫాయిడ్, హెపటైటిస్ ఏ టీకాలు వేయించండి, వాటి ప్రభావం రావడానికి కనీసం రెండు వారాల వ్యవధి ఉండాలి. మీ తరం వారిలో చాలామందికి హెపటైటిస్ ఏ చిన్నతనంలోనే వచ్చిపోయి రక్షణ మిగిలి ఉంటుంది, అక్కడ పుట్టిన పాపకు అది లేదు. టైఫాయిడ్ కాంజుగేట్ టీకా ఇక్కడ కూడా సులభంగా దొరుకుతుంది, దాన్ని తయారు చేసింది హైదరాబాదులోనే. మెదడువాపు టీకా సంగతి ఇక్కడి పిల్లల డాక్టరును మొదటి నెలలోనే అడగండి. వీధికుక్కను తాకనివ్వకండి, గీరినా కరిచినా పుండును సబ్బుతో, ధారగా పడే నీటి కింద 15 నిమిషాలు కడిగి అదే రోజు టీకా మొదలుపెట్టించాలి. ఇంట్లో ఆ పుండుకు పెట్టే పసుపు, సున్నం పనిచేయవు.

బంధువులు వేయిస్తంభాల గుడికీ రామప్పకీ తీసుకువెళ్తామంటారు. వెళ్లండి, కాని పొద్దున తొమ్మిదిలోపు తిరిగి రండి. మే మధ్యాహ్నం ఆ నల్లరాతి మీద చెప్పులు లేకుండా నాలుగు అడుగులు వేసిన పిల్లలకు అరికాళ్లు బొబ్బలెక్కడం చూశాను. వానలు పడ్డాక మేడారం, ఏటూరునాగారం వైపు రాత్రి ఉండవలసి వస్తే దోమతెర తప్పకుండా కట్టుకోండి, అది మలేరియా ఉన్న అడవి ప్రాంతం.

అన్నిటికంటే ఎక్కువ ఆందోళన నాకు అమ్మగారి గురించే. అక్కడి ఇన్సులిన్, ఇక్కడి సిరంజి కలిపి వాడకండి. బ్రిటన్‌లో ఇన్సులిన్ సాధారణంగా మిల్లీలీటరుకు 100 యూనిట్లు ఉంటుంది. ఇక్కడి మెడికల్ షాపుల్లో మామూలుగా దొరికే సీసాలో మిల్లీలీటరుకు 40 యూనిట్లే, దానికి సరిపోయే ఎర్రమూత సిరంజి మీద గీతలు కూడా ఆ లెక్కకే ఉంటాయి. కొన్నేళ్ల కిందట కొడుకు దగ్గర ఉండి వచ్చిన ఒక పెద్దావిడ ఇన్సులిన్ పెన్ను విరిగిపోతే, మందు వృథా కాకూడదని మనవడు అందులోని మందుగొట్టం (కార్ట్రిడ్జి) లోంచి ఎర్రమూత సిరంజిలోకి 20 గీతల దాకా తీసి ఇచ్చాడు. అంటే ఆమె ఒంట్లోకి వెళ్లింది 50 యూనిట్లు. తెల్లవారుజామున ఆమెను లేపబోతే పలకలేదు, నా దగ్గరికి తెచ్చేసరికి చక్కెర 32 ఉంది. బతికింది, కాని ఆ కుర్రవాడు ఇప్పటికీ సూది చేతిలోకి తీసుకోడు. పెన్ను వాడేవారు పెన్నే వాడాలి, రెండో పెన్ను సంచిలో ఉండాలి.

లెక్కలు కూడా మారతాయి. అక్కడ 7 అని చూపే చక్కెరను 18తో గుణిస్తే ఇక్కడి 126 అవుతుంది, అక్కడి నివేదికలో 53 అని ఉన్న హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు చక్కెరను చూపే పరీక్ష) ఇక్కడ 7 శాతం. అమ్మగారి పాత నివేదికలను ఈ లెక్కలోకి మార్చి ఒక కాగితం మీద రాసి తెచ్చుకుంటే ఇక్కడి డాక్టరుకు అయోమయం ఉండదు. వేడి చర్మం నుంచి ఇన్సులిన్ తొందరగా ఒంట్లోకి చేరుతుంది, పైగా ఎండకు తిండి తగ్గుతుంది, కాబట్టి మొదటి వారం రోజుకు నాలుగుసార్లు చక్కెర చూడండి. కారులో పెట్టి మరచిపోయిన ఇన్సులిన్‌ను పారేయవలసిందే. ఫ్రిజ్ పనిచేయని రోజుల్లో కొత్త మట్టికుండలో తడి ఇసుక పోసి, లోపల చిన్న డబ్బాలో పెడితే వాడుతున్న పెన్ను చెడిపోకుండా ఉంటుంది.

ప్రయాణం విషయానికి వస్తే, విమానం తెల్లవారుజామున శంషాబాదులో దిగితే నిద్ర చాలిన డ్రైవరును ఏర్పాటు చేసుకుని ఎండెక్కకముందే హనుమకొండ చేరండి, పగలు దిగితే సాయంత్రం దాకా హైదరాబాదులోనే ఆగండి. దిగాక ఒక్క పిక్క మాత్రమే వాచి నొప్పి చేస్తే దాన్ని ప్రయాణ బడలిక అనుకోకుండా అదే రోజు చూపించుకోవాలి. నాలుగున్నర గంటల తేడా కాబట్టి నిద్ర నాలుగైదు రోజుల్లో దారికి వస్తుంది.

పెళ్లికి ఎలా వెళ్లాలో కూడా చెప్తాను. మీకది నాలుగో రోజు. ముహూర్తం పొద్దున అయితే తలంబ్రాల దాకా ఉండి పదకొండింటికల్లా ఇంటికి వచ్చేయండి, సాయంత్రం బరాత్‌కు ఆరున్నర తరువాత మళ్లీ వెళ్లండి. మీరు బావగారు కనుక బరాత్‌లో ఆడమంటారు, రెండు పాటలకు ఆడి కుర్చీ చూసుకోండి. పాపకు పట్టులంగా వేస్తే లోపల కాటన్ లైనింగు ఉండాలి, ఫోటోలయ్యాక గౌను మార్చండి. వెల్‌కం డ్రింకులో తేలే మంచుముక్కలు, కోసి పెట్టిన పండ్లు, చట్నీలు మొదటి వారం వద్దు. పొగలు కక్కే అన్నం, పప్పు, గారెలు నిరభ్యంతరంగా తినండి.

అమ్మగారు రక్తపోటు మాత్రలు కూడా వేసుకుంటున్నారా, వాటిలో మూత్రం ఎక్కువ వచ్చేటట్టు చేసేది ఉందా అన్నది మీరు రాయలేదు. ఉంటే బయలుదేరే ముందే అక్కడి డాక్టరుతో మాట్లాడి ఎండకాలపు మోతాదు రాయించుకోండి, సొంతంగా ఆపవద్దు. వచ్చిన అయిదో రోజున ఆమెను పడుకోబెట్టి ఒకసారి, లేచి నిలబడిన మూడు నిమిషాలకు ఒకసారి రక్తపోటు చూడండి. పై అంకె 20 లేదా అంతకంటే ఎక్కువ పడిపోతే, ఆ రాత్రి బాత్రూంకు ఒంటరిగా పంపకుండా మరుసటి ఉదయం డాక్టరు దగ్గరికి తీసుకువెళ్లి రక్తంలో ఉప్పును చూపే సోడియం, మూత్రపిండాల పనితీరును చూపే క్రియాటినిన్ పరీక్షలు చేయించండి.